లైను చివర ఏముంది

పామర్రు,
14-10-2004

నాగవల్లి గారికి,

నేను పామర్రు టైప్ ఇన్‌స్టిట్యూట్ కరిముల్లాను. గుర్తున్నానో లేదో. 1984లో మీరు నా దగ్గర ఇంగ్లీషు లోయరు, హయ్యరు రెండూ ఫస్టు క్లాసులో పాసయ్యారు. కిటికీ పక్క మూడో నంబరు మెషిన్ మీది. మొన్న పుష్కరాలకి వచ్చినప్పుడు, మీతోపాటు నేర్చుకున్న రామతులసి మా మెట్లెక్కి పలకరించింది. మీరు విజయవాడలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్లన్నీ చూసుకుంటున్నారని చెప్పి అడ్రసు ఇచ్చింది. ఇన్నేళ్ళ తరవాత పనిబడి రాస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు.

టైపు నేర్చుకునేవాళ్ళు తగ్గిపోయారండీ. పొద్దున ఆరు నుంచి రాత్రి ఎనిమిది దాకా బ్యాచీలు నడిచిన గదిలో ఇప్పుడు అయిదుగురున్నారు. కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మంలోనే నిలబడి, కంప్యూటర్ మీద తెలుగు టైపు నేర్పుతారా అని అడిగి, లేదంటే వెనక్కి తిరుగుతున్నారు. అందుకని బందరులో ఒక ఆఫీసు వాళ్ళు వేలం వేస్తుంటే పాత కంప్యూటర్లు రెండు తెచ్చాను. ఉయ్యూరు నుంచి మా చెల్లెలు గౌసియా వచ్చి చూసి, మింగ మెతుకు లేదు గాని మీసాలకు సంపెంగ నూనె అంది. మా ఆవిడ హఫ్సా పోయిన దగ్గర్నుంచీ, అంటే ఆరేళ్ళుగా, ఇది మూసేసి తమ మేడ మీద గదిలో ఉండమని దాని పోరు. ప్రేమ కొద్దీ అంటుంది. కాని ఆ గదిలో నాకు పనేముంటుంది? అన్నానికి పిలిస్తే దిగటం, తిని ఎక్కటం. 

వీటిలో ఉన్నది విండోస్ కాదు, లైనక్స్ అట. 2000 సంవత్సరం నాటిది. ఇంగ్లీషు బాగానే వస్తోంది. తెలుగు పెడితే మాత్రం అన్నీ ఖాళీ డబ్బాలే. జూన్ బ్యాచీలోగా తెలుగు వస్తే ఇన్‌స్టిట్యూట్ నిలబడుతుంది, లేకపోతే గౌసియా మాటే నెగ్గుతుంది. మీకు తీరిక ఉంటే ఏదన్నా దారి చెప్పగలరు.

భవదీయుడు,
షేక్ కరిముల్లా

విజయవాడ, సత్యనారాయణపురం,
27-10-2004

మాస్టారూ,

ముందు ఆ 'గారు' తీసెయ్యండి. నా చేతుల మీద తువ్వాలు కప్పేసి, కీబోర్డు వైపు చూస్తే మెషిన్ లాగేసుకుంటానని బెదిరించిన మనిషి ఇవాళ నన్ను 'మీరు' అంటుంటే నవ్వొస్తోంది. మర్చిపోవటమేమిటి? ఆ మూడో నంబరు మెషిన్‌లో ఇంగ్లీషు 'ఇ' అక్షరం కొద్దిగా కిందికి పడేది, అది కూడా గుర్తుంది.

పోస్ట్‌మన్ పేరు పెట్టి పిలిస్తే మా ఇంటివాళ్ళావిడ లక్ష్మీనరసమ్మ గారు కూడా బయటికొచ్చి చూశారు. ఎల్‌ఐసీ నోటీసు తప్ప నాకు ఉత్తరం రావటం ఆవిడ ఎరగరు. అమ్మ పోయి ఏడాది దాటింది మాస్టారూ. పెళ్ళి సంగతి అడక్కండి, అది ఎప్పుడో అయింది, ఎప్పుడో పోయింది. ఇప్పుడు నేనూ, ఒక గదీ, ఒక వంటగదీ.

ఇక పని. కొత్త లైనక్స్ ఏదీ మీ మెషిన్లలో పట్టదు, మెమరీ చాలదు. ఉన్నదాన్ని కదపకుండా దాని మీదే కొత్త ప్రోగ్రాములు కట్టుకోవాలి. అవి సోర్స్ రూపంలో దొరుకుతాయి, ఉచితం. వండిన అన్నం కాదు, వడ్లు పంపుతున్నాననుకోండి. దంచుకుని, చెరుక్కుని, మీ పొయ్యి మీద మీరే వండుకోవాలి. ఈ వంటనే కంపైల్ చెయ్యటం అంటారు. కవరులో సీడీ ఉంది. దేనికైనా మూడే కమాండ్లు: కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్. మొదటిది ఇంట్లో సరంజామా ఉందో లేదో చూస్తుంది, రెండోది వండుతుంది, మూడోది వడ్డిస్తుంది. ఏది ఎలా కొట్టాలో విడిగా కాగితం మీద రాశాను.

సరంజామాలో ఏది తక్కువైనా ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. దాన్ని ఫోన్లో చెప్పొద్దు, ఒక్క అక్షరం అటూ ఇటూ అయినా నాకు అర్థం కాదు. తెర మీద ఉన్నది ఉన్నట్టు టైపు చేసి పోస్టులో పంపండి. ఆ పని మీకంటే బాగా చేసేవాళ్ళు ఈ జిల్లాలో లేరు.

మీ
నాగవల్లి

పామర్రు,
12-11-2004

అమ్మా నాగవల్లీ,

సరే, 'గారు' తీసేశాను. నీ పెళ్ళి సంగతి చదివి బాధేసింది, ఇక అడగను.

సీడీ చేరింది. మొదటి దాని పేరు గ్లిబ్ అన్నావు. నువ్వు రాసినట్టే కాన్ఫిగర్ కొట్టాను. చెకింగ్, చెకింగ్ అంటూ తెర నిండా లైన్లు దిగాయి. పరీక్షలో ఇన్విజిలేటర్ పక్కన నిలబడినంత భయమేసింది. రెండు నిమిషాలకి ఆగిపోయింది. చివరిగా వచ్చిన ఎర్రర్ పొట్టిదే, వేరే కాగితం మీద టైపు చేసి జత చేశాను. నాకు అందులో ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా అక్షరం పొల్లుపోకుండా కొట్టాను.

నేర్చుకునేవాళ్ళలో శౌరమ్మ అని నర్సు ట్రైనింగ్ చేసిన అమ్మాయి ఉంది. మాస్టారూ, తెలుగు ఎప్పుడొస్తుంది అని రోజూ అడుగుతుంది. విజయవాడ నుంచి వస్తోంది, దారిలో ఉంది అని చెబుతున్నాను.

ఆశీస్సులతో,
కరిముల్లా

విజయవాడ,
20-11-2004

మాస్టారూ,

మీ కాగితం చూసి ముచ్చటేసింది. ఒక్క దిద్దు లేదు. ఎర్రర్ అంటే ఏదో కాదు, పీకేజీ కాన్ఫిగ్ అనే చిన్న సామాను మీ ఇంట్లో లేదు. సీడీలోనే ఉంది, ముందు దాన్ని కట్టుకుని తరవాత గ్లిబ్ మళ్ళీ మొదలుపెట్టండి. ఆ వెనక ఫాంట్లు వెతికిపెట్టే ఫాంట్‌కాన్ఫిగ్, ఆ వెనక ప్యాంగో. మన గుణింతాలూ ఒత్తులూ పేర్చేది ఈ ప్యాంగోయే. ఒకటి అడిగితే అది ఇంకొకదాన్ని అడుగుతుంది. తీగ లాగితే డొంకంతా కదులుతుంది, విసుక్కోకండి.

మా లాబ్ స్టోర్‌రూములో సరిగ్గా మీలాంటి పాత మెషిన్ ఒకటి మూల పడి ఉంది. అదే లైనక్స్. దుమ్ము దులిపి పైకి తీశాను. ఎక్కడెక్కడ అడ్డం పడుతుందో నేను కూడా చూస్తుంటాను.

సాయంత్రం అయిదున్నరకి అందరూ వెళ్ళిపోతారు. నేను ఏడింటి దాకా ఉంటాను. ఇంటికి వెళ్తే ఏముంది? ఈ మధ్య మాత్రం పోస్టు వచ్చిందేమోనని తొందరగా వెళ్తున్నాను.

నాగవల్లి

పామర్రు,
18-12-2004

అమ్మా నాగవల్లీ,

గ్లిబ్ అయిపోయింది! మేక్ కొడితే పొద్దున తొమ్మిదికి మొదలై మధ్యాహ్నం భోజనాల వేళకి ముగిసింది. కరెంటు పోతుందేమోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. పోలేదు. శౌరమ్మ సమోసాలు తెచ్చింది, అందరం తిన్నాం.

తరవాత ఫాంట్‌కాన్ఫిగ్ దగ్గర ఆగింది. ఈసారి ఎర్రర్ పెద్దది, ఆరు లైన్లు. మొత్తం టైపు చేసి పెట్టాను.

మొన్న గుమ్మం దిగుతూ ఎవరిదో సైకిలు తట్టుకుని పడ్డాను. మోకాలు దోక్కుపోయింది, అంతే. కుడిపక్క సైకిలు పెట్టొద్దని బోర్డు రాయించాను. నువ్వు వేళకి తింటున్నావా? ఏడింటి దాకా ఆఫీసులో ఏం తింటావు?

కరిముల్లా

విజయవాడ,
3-1-2005

మాస్టారూ,

మొన్న ఇరవై ఆరో తారీకున సముద్రం పొంగిందని వార్తల్లో చూసి కంగారు పడ్డాను. పామర్రు దాకా రాదని తెలుసు, అయినా మనసు ఆగలేదు. అంతా క్షేమమని ఒక కార్డు ముక్క రాస్తే బాగుండేది.

మీ ఎర్రర్ కాగితంలో లైన్లు పూర్తిగా లేవు. "కావలసినది ఫలానా" అని మొదలవుతుంది, ఆ ఫలానా ఏమిటో రాకుండానే కింది లైను వచ్చేస్తోంది. ఊహించి ఒక విరుగుడు రాస్తున్నాను, ప్రయత్నించండి. ఈసారి లైను చివర దాకా కాపీ చెయ్యండి. అసలు సంగతి ఎప్పుడూ చివరే ఉంటుంది.

తింటున్నాను. పొద్దున వండిన కూరే రాత్రికి కూడా.

నాగవల్లి

పామర్రు,
22-1-2005

అమ్మా,

నువ్వు చెప్పినట్టే చేశాను. నాలుగు గంటలు నడిచి మళ్ళీ అక్కడే ఆగింది. చివర దాకానే కాపీ చేశాను తల్లీ, ఇదిగో మళ్ళీ పంపుతున్నాను. దీంతోపాటు వచ్చిన ఇంకో ఎర్రర్ కూడా ఉంది.

గౌసియా వచ్చి రెండు రోజులుంది. కంప్యూటర్ల మీద దుప్పటి కప్పి, ఈ ఇన్‌స్టిట్యూట్‌ని కూడా హఫ్సాతోపాటే పాతిపెట్టాల్సింది అని ఏడ్చింది.  జూన్ దాకా గడువు అడిగాను.

కరిముల్లా

విజయవాడ,
2-2-2005

మాస్టారూ,

మళ్ళీ అదే. ఏ లైనూ పూర్తిగా లేదు. నేను ఇక్కడ కూర్చుని మీరు వదిలేసిన ముక్కలన్నీ కలలో చూడాలా? కాలేజీకి తనిఖీ వాళ్ళు వస్తున్నారని నెల రోజులుగా నాకు ఊపిరాడటం లేదు. అయినా రాత్రిళ్ళు మీ ఎర్రర్ల కోసం కూర్చుంటున్నాను. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అని ఊరికే అనలేదు.

సగం కాపీ చేసి చేతులు దులుపుకునే పిల్లల్ని మీరేమనేవారో గుర్తుందా? వాళ్ళ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేసేవారు. మీకు మనసు లేకపోతే మానెయ్యండి. ఉంటే పూర్తిగా కాపీ చెయ్యండి.

నాగవల్లి

పామర్రు,
9-2-2005

గౌరవనీయులైన నాగవల్లి గారికి,

తమరి ఉత్తరం అందింది. ముప్ఫై రెండేళ్ళలో నేను కాపీ చేసిన కాగితంలో తప్పుందని ఎవరూ అనలేదు. కోర్టు కాగితాలు కొట్టాను, రిజిస్ట్రారు ఆఫీసు దస్తావేజులు కొట్టాను. ఇప్పుడు ఈ ఎర్రర్ మూడుసార్లు టైపు చేసి, మూడూ ఒకదానితో ఒకటి సరిచూసి జత చేస్తున్నాను. మూడూ ఒక్కలాగే ఉన్నాయి. ఇంతకంటే నా చేతకాదు.

తమరి పని ఒత్తిడిలో నా గొడవ అదనమైందని గ్రహించలేకపోయాను. ఇకమీదట ఇబ్బంది పెట్టను.

ఇట్లు,
షేక్ కరిముల్లా

విజయవాడ,
20-3-2005

మాస్టారూ,

మూడు కార్డులు రాశాను, జవాబు లేదు. ఇన్‌స్టిట్యూట్‌కి ఫోను చేస్తే పనిచెయ్యటం లేదంటోంది. కోపం ఉంటే ఉండనివ్వండి, ఈ ఉత్తరం మాత్రం చివర దాకా చదవండి.

ఈ ఆదివారం లాబ్‌కి వెళ్ళాను. మా పాత మెషిన్ మీద కావాలని మీ ఎర్రర్లే తెప్పించాను. పక్కన మీ కాగితాలన్నీ పరిచి లైను లైనూ పోల్చాను. మాస్టారూ, మీరు ఎక్కడ పడితే అక్కడ వదల్లేదు. ప్రతి కాగితంలో, ప్రతి లైనూ, ఒక్కచోటే ఆగింది. తెరకి ఎనభై అక్షరాలు పడితే, యాభై అక్షరాల దగ్గర, అటూ ఇటూగా. డిసెంబరులో యాభై ఆరు దాకా ఉన్నాయి, ఫిబ్రవరికి నలభై తొమ్మిదికి వచ్చాయి. బద్ధకంతో వదిలేసేవాడు ఒక లైను ఇక్కడ, ఒక లైను అక్కడ వదులుతాడు. ఇంత కచ్చితంగా వదలడు. మొదటి ఎర్రర్ పొట్టిది కాబట్టి అందులో ఏ లోపమూ లేదు.

మీరు కాపీ చెయ్యటం మానలేదు. మీకు కనిపించటం మానేసింది.

ఈ ఉత్తరం కింద పెట్టి ఒక పని చెయ్యండి. గోడ మీద కేలండర్ ముందు నిలబడండి. ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని కుడి కంటితో చూడండి. తరవాత కుడి కన్ను మూసుకుని ఎడమ కంటితో చూడండి. ఏం కనిపించిందో నాకు రాయండి. దాచకండి మాస్టారూ, మీ కాళ్ళకి దణ్ణం పెడతాను.

మీ
నాగవల్లి

పామర్రు,
28-3-2005

అమ్మా నాగవల్లీ,

నీ ఉత్తరం వచ్చిన రోజు చెయ్యలేదు. మర్నాడూ చెయ్యలేదు. నిన్న పిల్లలందరూ వెళ్ళాక తలుపు గడియ పెట్టుకుని చేశాను.

ఎడమ కన్ను మూశాను. కేలండర్ లేదు. గోడ కూడా లేదు. బాగా పొగమంచు పట్టిన రోజు పొలం వైపు చూసినట్టుంది. కుడి కన్ను మూసి చూస్తే కేలండర్ ఉంది. కాని ప్రతి వరసలోనూ మొదటి మూడు తారీకులు కనపడ్డాయి, ఆ తరవాతవి లేవు. తల తిప్పితే వస్తున్నాయి, మళ్ళీ పోతున్నాయి. 

అబద్ధం చెప్పను. ఏదో తేడాగా ఉందని ఏడాది నుంచీ తెలుసు. కుడిపక్క పెట్టిన టీ గ్లాసు చేయి తగిలి పడిపోయేది. మనుషులు ఉన్నట్టుండి పక్కన ప్రత్యక్షమయ్యేవాళ్ళు. ఆ సైకిలు కూడా అక్కడ రోజూ ఉండేదేనట. వయసు అనుకున్నాను. అనుకోవటం కాదు, అలా నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. డాక్టరు దగ్గరికి వెళ్తే గౌసియాకి తెలుస్తుంది, తెలిస్తే మర్నాడే ఆటో తెచ్చి నన్నూ నా పెట్టెనూ ఎక్కిస్తుంది.

లైన్లు తెగిపోయిన సంగతి మాత్రం నాకు నిజంగా తెలియదమ్మా. టైపు మెషిన్ మీద లైను అయిపోవస్తుంటే గంట మోగుతుంది కదా. ఇన్నేళ్ళూ కుడి అంచు చూడాల్సిన అవసరమే నాకు రాలేదు. కంప్యూటర్‌కి ఆ గంట లేదు. పైగా కాపీ కొట్టేటప్పుడు అర్థం చూసుకోవద్దని, చూస్తే వేగం పోతుందని నీకు నేర్పిందే నేను. అర్థం చూసుకుని ఉంటే తెగిందని తెలిసేది. మూడుసార్లు సరిచూసి మూడూ ఒక్కలాగే ఉన్నాయని రాశాను, నన్ను చూసి నాకే సిగ్గుగా ఉంది.

భయంగా ఉంది నాగవల్లీ. ఎవరితో అనాలో తెలియక నీతో అంటున్నాను. గౌసియాకి చెప్పకు.

కరిముల్లా

విజయవాడ,
31-3-2005

మాస్టారూ,

శనివారం పొద్దున మొదటి బందరు బస్సుకి వస్తున్నాను. ఆరున్నరకి పామర్రు సెంటర్లో దిగుతాను. మీరు తయారుగా ఉండండి, వెనక్కి వచ్చే బస్సులో ఇద్దరం విజయవాడ కంటి ఆస్పత్రికి వస్తాం. అపాయింట్‌మెంటు తీసుకున్నాను. పాత కళ్ళజోడు కూడా తీసుకురండి.

గౌసియా గారికి నేను చెప్పను. అది మీరే చెప్పాలి.

నాగవల్లి

విజయవాడ,
24-4-2005

మాస్టారూ,

చుక్కల మందు వేళకి వేసుకుంటున్నారని శౌరమ్మ రాసిన కార్డు వచ్చింది. సంతోషం. పగలంతా మీ దగ్గరే ఉంటుంది కాబట్టి చూసుకుంటుందని ధైర్యంగా ఉంది.

ఇరవై రోజులుగా ఒక ఉత్తరం రాస్తూ చింపేస్తున్నాను. ఇది పోస్టు చేస్తాను. ఆ రోజు బస్సులో మీ పక్కన కూర్చుని కంకిపాడు దాటేదాకా చెబుదామనుకుంటూనే ఉన్నాను, చెప్పలేదు.

డాక్టరు మీతో ఏం చెప్పాడు? గ్లకోమా, అంటే మన పెద్దవాళ్ళు నీటికాసులు అనేది, పోయిన చూపు తిరిగి రాదు, మందు వేసుకుంటే ఉన్నది నిలుస్తుంది అన్నాడు. మీరు చీటీ పట్టుకుని మందుల షాపు దగ్గర నిలబడ్డప్పుడు నన్ను పిలిచి ఇంకో మాట అన్నాడు. కుడి కన్ను ఎప్పుడో పోయిందట, దానికి ఎవరూ చెయ్యగలిగింది లేదు. ఎడమ కంట్లో ముక్కు వైపు చూపు మాత్రం ఈ నాలుగైదు నెలల్లోనే చాలా పోయిందట. "చలికాలంలో తీసుకొచ్చి ఉంటే ఇంకొంచెం దక్కేదమ్మా" అన్నాడు.

చలికాలంలో నేనేం చేశాను మాస్టారూ? లైన్లు తెగిపోతున్నాయని జనవరిలోనే చూశాను. ఎందుకు తెగుతున్నాయని ఒక్క క్షణం ఆలోచించలేదు. తిట్టాను. మీ విద్య మీదే దెబ్బ కొట్టాను. మీరు రాయటం మానేస్తే పౌరుషానికి పోయి నెలన్నర పాటు కార్డు ముక్కలతో సరిపెట్టాను.

అంతకంటే పెద్దది ఇంకొకటి ఉంది. మా స్టోర్‌రూము మెషిన్ మీద నవంబరు నెలాఖరుకే మొత్తం కంపైల్ అయిపోయింది. ప్యాంగో, ఎడిటర్, తెలుగు ఫాంటు, అన్నీ. ఆ మెషినూ మీ మెషినూ ఒకటే కాబట్టి, వండిందాన్ని సీడీ మీద ఎక్కించి పంపితే మీకు పది నిమిషాల పని. సీడీ కూడా రాశాను. కవరు మీద మీ అడ్రసు కూడా రాశాను. పంపలేదు.

పంపితే మీ పని అయిపోతుంది. పని అయిపోతే ఉత్తరాలు ఆగిపోతాయి. నాకు ఈ ఊళ్ళో తిన్నావా అని అడిగేవాళ్ళు లేరు. మీరు అడిగారు. ఆ ఒక్క ముక్క కోసం మిమ్మల్ని నెలల తరబడి ఆ తెర ముందు కూర్చోబెట్టాను. రోజురోజుకీ చూపు పోతున్న మనిషిని గంటలు గంటలు కూర్చోబెట్టాను. ఇది తెలిసి చేసిందే, దీనికి నేను ఎవరి మీదా వంక పెట్టలేను.

సీడీ ఈ కవరులోనే ఉంది. ప్రతి శనివారం వచ్చి మీ పనులు చూసిపెడతాను, వద్దనకండి. క్షమించమని అడిగే ముఖం లేదు.

నాగవల్లి

పామర్రు,
8-5-2005

అమ్మా నాగవల్లీ,

నీ ఉత్తరం చదవటానికి చాలాసేపు పట్టింది. డాక్టరు చెప్పినట్టు కాగితం కుడి అంచున స్కేలు నిలబెట్టి, స్కేలు కనిపించేదాకా తల తిప్పుతూ చదివాను. ఇప్పుడు ఏ లైనూ వదలటం లేదు.

సీడీ పెట్టాను. నువ్వన్నట్టు పది నిమిషాలు. శౌరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుని మొదట ఊరి పేరు కొట్టింది. 'పామర్రు'లో రకారం కింద ఒత్తు సరిగ్గా కూర్చుంది. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. నాకు కోపం వచ్చింది. రెండు రోజులు నీ పేరు ఎత్తితే ఒళ్ళు మండిపోయింది. ఒక మనిషి ఆశతో ఆడుకోవటం మంచి పని కాదు. అది తప్పే, తప్పు కాదని నేను అనను.

మూడో రోజు కొంచెం తగ్గింది. నువ్వు నవంబరులోనే సీడీ పంపి ఉంటే నేను ఆ తరవాత ఏ ఎర్రరూ కాపీ చేసేవాణ్ణి కాదు. నా లైన్లు తెగుతున్నాయని ఈ భూమ్మీద ఎవరికీ తెలిసేది కాదు. ఎడమ కన్ను కూడా పోయాక గౌసియా వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేది. ఈ మాట నీ తప్పు కడిగెయ్యటానికి చెప్పటం లేదు. రెండూ నిజమే కాబట్టి రెండూ రాస్తున్నాను. జనవరి సంగతంటావా, తిట్టింది నువ్వు, పౌరుషపడి కన్ను మూసి చూసుకోనిది నేను. కేలండర్ నా గదిలోనే ఉంది.

గౌసియాకి చెప్పాను. నేనే ఉయ్యూరు వెళ్ళి చెప్పాను. ఏడ్చింది, తిట్టింది, ఎండు రొయ్యల కూర వండి పెట్టింది. మేడ మీద గది చూపించింది. నేను తెలుగు వచ్చిందని చెప్పాను. జూన్ బ్యాచీకి పదకొండు మంది పేర్లు రాయించుకున్నారని చెప్పాను. వేళ్ళతో నేర్పే విద్యకి ఒక కన్ను చాలు, అదీ సగం చాలు అన్నాను. అది విని లేచింది. తరవాత గది తాళం వేసి తాళంచెవి కొంగున ముడేసుకుంది. ఇన్‌స్టిట్యూట్ మూయమని మాత్రం అనలేదు.

ఇక నీ శనివారాల సంగతి. చుక్కలు నేనే వేసుకుంటాను, పొద్దున రెండు, రాత్రి రెండు, అదేం పెద్ద పని కాదు. బజారు పని శౌరమ్మ చూస్తుంది. చేసిన తప్పు తీర్చుకోవటానికైతే నువ్వు రావద్దు. నువ్వు వచ్చి తల వంచుకుని కూర్చుంటే నేను భరించలేను.

నవంబరులో ఆ కవరు పోస్టు చెయ్యనివ్వకుండా నీ చేయి పట్టుకున్నది ఏదో ఉంది చూడు, అందుకోసమైతే ఈ శనివారమే రా. నాక్కూడా అదే ఉంది. హఫ్సా పోయినప్పటి నుంచీ, ఆరేళ్ళుగా ఉంది.

కరిముల్లా